తిరిగి రాని వాళ్ళ కాయితాలు

మా మాస్టారు పోయారు. పొద్దున్నే ఆయన భార్య, మేమంతా అమ్మగారనే ఆవిడ, ఫోన్ చేసి ఆ మాట చెప్పేటప్పటికి నేను బందరులో, ఆసుపత్రి స్కాన్ గదిలో, డ్యూటీలో ఉన్నాను. కోడూరు నుంచి తీసుకొచ్చిన ఒక పెద్దాయన బల్ల మీద పడుకుని ఉన్నాడు. ఆయన నుదుటికి పట్టీ బిగిస్తున్నాను. "పోయారమ్మా" అని ఒక్క మాటే అన్నారు అమ్మగారు. "సరేనండీ" అన్నాను. ఫోన్ జేబులో పెట్టుకుని, పట్టీ బిగించి, స్కాన్ తీసి, బొమ్మలు డాక్టరు గదికి పంపించి, చేతులు కడుక్కున్నాక గాని ఆవిడ ఏం చెప్పారో నా బుర్రకెక్కలేదు.

ఏడుపు రాలేదు. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇలాంటి రాతల్లో మీరు కన్నీళ్ళ కోసం చూస్తారు. నాకు కడుపు మండింది. ఇవాళ్టికీ మండుతూనే ఉంది. పోయినవాళ్ళ గురించి మంచే రాయాలంటారు కదా, ఆయన గురించి రాయడానికి నా దగ్గర మంచి తప్ప ఇంకేం లేదు. బతికున్న వాళ్ళ విషయంలో మాత్రం అలాంటి హామీ ఇవ్వలేను. ఆ బతికున్న వాళ్ళలో నేనూ ఉన్నాను.

మాస్టారంటే బడి పంతులు కాదు. మా ఆసుపత్రిలో స్కాన్లు తీసే వాళ్ళందరికంటే సీనియర్ టెక్నీషియన్. దివిసీమలో ఒక చిన్న ఊరి నుంచి వచ్చి, వార్డులో స్ట్రెచర్లు తోసే పనిలో చేరి, చీకటి గదిలో ఎక్స్‌రే ఫిల్ములు కడగడం నేర్చుకుని, పెళ్ళయిన తర్వాత పరీక్షలు రాసి పాసైన మనిషి. మాలాంటి వాళ్ళందరికీ పని నేర్పారు కాబట్టి మాస్టారు. పెడన నుంచి డిప్లొమా పట్టుకుని వచ్చిన నాకు ఆయన మొదటి రోజు మిషను ముట్టుకోనివ్వలేదు. గోరువెచ్చని నీళ్ళతో చేతులు కడుక్కోమన్నారు.

"చల్లటి చెయ్యి తగిలితే మనిషి ఉలిక్కిపడతాడమ్మా. తల కదులుద్ది. తల కదిలితే బొమ్మలో నిజం కూడా కదిలిపోద్ది" అన్నారు.

పక్షవాతం కేసు వస్తే ఆయన అడిగే మొదటి ప్రశ్న, "మూతి ఎప్పుడు వంకరపోయింది?" అని. మెదడుకు వెళ్ళే రక్తనాళంలో గడ్డ అడ్డం పడిన మనిషికి నాలుగున్నర గంటల్లోపు ఆ గడ్డను కరిగించే ఇంజక్షన్ పడాలి. అది దాటితే ఇవ్వరు. మా వైపు వచ్చే వాళ్ళెవరూ గడియారం చూసి చెప్పరు. "నాగాయలంక బస్సు వెళ్ళిన కాసేపటికండీ" అంటారు, "పాలు పోయించుకుని వచ్చేటప్పటికండీ" అంటారు. మాస్టారికి దివిసీమ బస్సుల టైములన్నీ నోటికొచ్చు. పాలకేంద్రం ఏ ఊళ్ళో ఎన్నింటికి తెరుస్తారో కూడా తెలుసు. మనసులో లెక్కవేసి, ఆ టైము తన మణికట్టు మీద పెన్నుతో రాసుకునేవారు. డ్యూటీ దిగేటప్పటికి చెయ్యంతా అంకెలే.

ఆయన శాంతమూర్తి అని మా ఆసుపత్రిలో ఇప్పుడు కొందరు అంటున్నారు. అబద్ధం. మా మాస్టారంత పగ పట్టే మనిషిని నేను చూడలేదు. క్యాంటీన్ వాడు ఒకసారి అమ్మగారితో పెడసరంగా మాట్లాడాడని, తొమ్మిదేళ్ళు అక్కడ టీ తాగలేదాయన. ఎర్రటెండలో రోడ్డు దాటి వెళ్ళి తాగొచ్చేవారు. "మాస్టారూ, ఆదివారం చర్చిలో శత్రువుల్ని క్షమించమని పాడతారు కదండీ" అని నేను ఆటపట్టిస్తే, "పాడతానమ్మా. రాగం బాగుంటది" అనేవారు.

ఇక అసలు సంగతి. కొన్నాళ్ళ కిందట ఒక కంపెనీ వాళ్ళు వచ్చి మా స్కాన్ మిషను పక్కన ఒక కంప్యూటర్ పెడతామన్నారు. పక్షవాతం వచ్చిన మనిషి స్కాన్ చూసి, ఆ గడ్డ పొడవెంత, చిక్కదనమెంత, దాని పక్కల నుంచి రక్తం పారుతోందా లేదా అన్నీ కొలిచి, ఇంజక్షన్‌కు కరుగుతుందో లేదో నూటికి ఇంత అని అది అంకె చెబుతుంది. చెప్పడానికి ముందు అది నేర్చుకోవాలి. పాత స్కాన్లు చూపించి, ఆ మనుషులు మూడు నెలల తర్వాత ఎలా ఉన్నారో పక్కన రాసి ఇస్తే అది నేర్చుకుంటుంది. చాలా ఊళ్ళ నుంచి అలా తీసుకున్నారు. మా పాత కేసులు కూడా అడిగారు.

ఆ వివరాలు కంప్యూటర్‌లోకి ఎక్కించే పని నాకిచ్చారు మా పెద్ద డాక్టరు గారు. ఆసుపత్రి ఆయనదే. నేను మొదలుపెట్టాను. మూడు నెలల తర్వాత చూపించుకోవడానికి వచ్చిన వాళ్ళ సంగతి ఫైళ్ళలో ఉంది. సగం మంది అసలు రానే లేదు. వాళ్ళ గడి ఖాళీగా వదిలేస్తే కంప్యూటర్ తర్వాతి పేజీకి వెళ్ళనివ్వడం లేదు. వెళ్ళి ఆయన్ని అడిగాను.

"రాలేదంటే ఏంటి, బాగుపడలేదనే కదా. బాగుపడినోళ్ళయితే వచ్చి దణ్ణం పెట్టి వెళ్ళేవాళ్ళు. జీరో కొట్టెయ్" అన్నారు ఫోన్ చూసుకుంటూనే.

నేను జీరో కొట్టాను. ఒకటి కాదు, రెండు కాదు. ఒక వారమంతా కొట్టాను.

నేను పెడనలో పుట్టి పెరిగినదాన్ని. నాకు తెలియదా? మా వైపు జబ్బు నయమై ఆసుపత్రి నుంచి బయటపడ్డ మనిషి మళ్ళీ ఆ గడప తొక్కడు. డిశ్చార్జి రోజున "వెళ్ళొస్తాం" అనే మాట కూడా పొరపాటున అననివ్వరు. మా నాయనమ్మ కామెర్లు తగ్గి ఇంటికొచ్చాక, ఆసుపత్రి ఉన్న వీధిలోంచి రిక్షా వెళ్తుంటే దిగి వేరే దారిన నడిచి వచ్చింది. చెయ్యి రాని వాళ్ళు, మాట రాని వాళ్ళే మళ్ళీ మళ్ళీ వస్తారు. బాగుపడిన వాళ్ళు రారు. అన్నం తినడం తెలిసినంత బాగా తెలిసిన సంగతిది. తెలిసీ జీరో కొట్టాను. పెద్ద డాక్టరు చెప్పాడు కదా అనుకున్నాను, పని తొందరగా అయిపోతుంది కదా అనుకున్నాను.

కంప్యూటర్ వచ్చింది. మాస్టారికి మొదటి వారం నుంచే దాని మీద అనుమానం. స్కాన్ చూసి, "ఇది చిన్న గడ్డ, కొత్తది. కరుగుద్ది" అనేవారు. అది పద్నాలుగు అనేది, ఇరవై అనేది. అంకె తక్కువొస్తే డ్యూటీ డాక్టర్లు ఇంజక్షన్ జోలికి వెళ్ళకుండా, గొట్టం ఎక్కించి గడ్డ లాగించుకోమని విజయవాడ పంపేవాళ్ళు. "పంపితే పంపండి బాబూ, ఇంజక్షన్ ఇచ్చి పంపండి" అని మాస్టారు బతిమాలేవారు. కరగని గడ్డకు ఇంజక్షన్ ఇచ్చి, రక్తస్రావమైతే ఎవరిది బాధ్యత అనేవాళ్ళు.

అప్పుడొక రోజు గుడివాడ నుంచి ఒకాయన్ని తీసుకొచ్చారు. అక్కడే ఒకసారి స్కాన్ తీసి సీడీ చేతికిచ్చారు. మా వాళ్ళు అలవాటు ప్రకారం మళ్ళీ తీయించారు. మాస్టారు ఏమనుకున్నారో, రెండూ ఆ కంప్యూటర్‌కు చూపించమన్నారు నన్ను. గుడివాడ స్కాన్‌కు అది డెబ్బై ఒకటి చెప్పింది. మా స్కాన్‌కు పందొమ్మిది చెప్పింది.

ఆయన రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టించి చూశారు.

"తల అదే. గడ్డ అదే. గంటన్నరలో ఏం మారిందమ్మా? మిషను మారింది. ఇది గడ్డను చూట్టం లేదు. బందరు మిషన్లో తీసిన స్కానా కాదా అని చూస్తంది. బందరోళ్ళు బాగుపడరని దీనికెవరో నేర్పారు" అన్నారు.

ఆ నేర్పింది నేనే. సీడీ కవర్లో పెట్టి ఆయన చేతికిచ్చాను.

ఆయన ఆ రెండు అంకెలూ కాయితం మీద రాసుకుని పెద్ద డాక్టరు గారి దగ్గరికి వెళ్ళారు. ఓపీ నడుస్తోంది, బయట నలభై మంది కూర్చుని ఉన్నారు. తలుపు తీసే ఉంది. "కంపెనీ వాళ్ళకంటే మీకెక్కువ తెలుసా మాస్టారూ? స్కాన్ సరిగ్గా తీయక, మిషను మీద నెడుతున్నారు. కళ్ళు పోయినట్టున్నాయి మీకు. ఇంటికెళ్ళి రెస్టు తీసుకోండి" అన్నారాయన. నలభై మందీ విన్నారు. మర్నాటి నుంచి మాస్టారిని రావద్దన్నారు. ముప్ఫై ఏళ్ళకు పైగా ఎవరి తలా కదలకుండా పట్టుకున్న మనిషిని అంత తేలిగ్గా పంపించేశారు. ఆ మాట అన్న నోటిని నేను మర్చిపోలేదు, మర్చిపోను.

నాలుగు రోజులు అన్నం సయించలేదు. ఐదో రోజు వాళ్ళింటికి వెళ్ళి, ఆ జీరోలు కొట్టింది నేనేనని, ఎందుకు కొట్టానో, ఎవరు కొట్టమన్నారో అంతా చెప్పేశాను. అమ్మగారు వంటింటి గుమ్మంలో నిలబడి వింటున్నారు. మాస్టారు తిట్టలేదు. తిడితే బాగుండేది.

"రానోళ్ళ పేర్లు, ఊళ్ళు ఉన్నాయా నీ దగ్గర?" అన్నారు.

"ఉన్నాయండీ."

"తీసుకురా. వాళ్ళని వెతుకుదాం." నేను లేచి చెప్పులేసుకుంటుంటే వెనక నుంచి అన్నారు: "నిన్ను క్షమించాననుకోకు. పనుంది కాబట్టి పిలుస్తున్నా."

ఆదివారాలు చర్చి వదలగానే ఇద్దరం బయల్దేరేవాళ్ళం. మొదటి ఆదివారం బందరు నుంచి అవనిగడ్డ దాకా బస్సులో నాతో ఒక్క ముక్క మాట్లాడలేదాయన. రెండో ఆదివారం తేగలు కొని సగం విరిచి ఇచ్చారు. అంతకుమించి నేను అడగలేదు. మిగతా రోజుల్లో ఆయన ఒక్కరే తిరిగేవారు. మోపిదేవి, చల్లపల్లి, ఘంటసాల, పడవెక్కి ఏరు దాటి ఎదురుమొండి. పెద్ద డాక్టరు గారి మీద పగ ఎలా తీర్చుకుంటారు మాస్టారూ అని అడిగాను ఒకసారి. "మనిషి మీద కాదమ్మా, ఆయన మాట మీద తీర్చుకుంటా. బాగుపడలేదన్నాడుగా. బాగుపడినోళ్ళని తెచ్చి ఎదురుగా నిలబెడతా" అన్నారు. నాకు అంత పెద్ద మనసు లేదు. నాకు మాట మీదా కావాలి, మనిషి మీదా కావాలి.

పెడనలో మా వీధికి రెండు వీధుల అవతల ఒకావిడ కలంకారీ అచ్చులు వేస్తుంది. మమ్మల్ని చూడగానే ముఖం మాడ్చుకుంది. "ఆసుపత్రోళ్ళా? లోపలికి రాకండి, మీకు దణ్ణం పెడతా" అంది. మాస్టారు గేటు బయటే నిలబడ్డారు. "రాంలే తల్లీ. ఇక్కడి నుంచే వెళ్ళిపోతాం. కుడి చెయ్యి ఒకసారి ఎత్తి చూపించు చాలు" అన్నారు. ఆవిడ చేతిలో రంగు కారుతున్న అచ్చు ఉంది. దాంతో పాటే పైకెత్తింది. నా కాయితాల ప్రకారం ఆ చెయ్యి జీరో. ఆ అచ్చు నేను రెండు చేతులతో కూడా అలా ఎత్తలేను.

ఒక్కొక్కరికి ఒక్కో కాయితం రాసేవారు మాస్టారు. పేరు, ఊరు, మూడు నెలల నాటికి ఎలా ఉన్నారు, దానికి పక్కింటి వాళ్ళ సాక్ష్యం, కింద ఇద్దరి సంతకాలు లేదా వేలిముద్రలు. నిజంగానే చెయ్యి రాని వాళ్ళు కొందరున్నారు, చనిపోయిన వాళ్ళున్నారు. వాళ్ళకూ ఉన్నది ఉన్నట్టే రాశారు. బాగుపడిన వాళ్ళు ముప్ఫై ఒక్క మంది తేలారు. పాత వివరాలు దిద్దాలంటే ఒక్కో కేసుకు ఆసుపత్రి పెద్ద సంతకం కావాలని కంపెనీ వాళ్ళు నాకు ఫోన్లో చెప్పారు. సంతకాలు పంపితే కంప్యూటర్‌కు మళ్ళీ మొదటి నుంచి నేర్పిస్తామన్నారు. పంపకపోతే రేపు వచ్చే మనిషికి కూడా అదే అంకె.

ఆ సంతకాల కోసం ఎలా వెళ్ళాలా అని మేము ఆలోచిస్తున్న రోజుల్లోనే, ఒక ఉదయం అవనిగడ్డ బస్టాండులో మాస్టారు కూలిపోయారు. ఎవరో అంబులెన్సులో ఎక్కించి బందరు తెచ్చారు. తెచ్చింది మా ఆసుపత్రికే. డ్యూటీలో ఉన్నది నేనే. పడిపోయి గంటన్నర కూడా కాలేదు.

చేతులు వేడినీళ్ళతో కడుక్కున్నాను. ఆయన తల నా చేతుల్లోకి తీసుకున్నాను. మాట పోయింది గాని కళ్ళు నన్నే చూస్తున్నాయి. తల ఇసుమంత కూడా కదపలేదాయన. అంత శుభ్రమైన స్కాన్ నేనెప్పుడూ తీయలేదు. చిన్న గడ్డ, కొత్తది. కంప్యూటర్ ఇరవై రెండు అంది.

డ్యూటీ డాక్టరు కుర్రవాడు. పెద్ద డాక్టరు గారికి ఫోన్ చేశాడు. "ఇరవై రెండైతే వేస్టు. విజయవాడ పంపించెయ్యండి" అని వినిపించింది. నేను ఆ కుర్రడాక్టరు చెయ్యి పట్టుకున్నాను. "సార్, ఆ అంకె తప్పండీ. తప్పుడు వివరాలు ఎక్కించింది నేనే" అన్నాను. అతను నా ముఖంలోకి చూసి, "రాసిస్తావా?" అన్నాడు.

నేను తలుపు వైపు చూశాను. ఉద్యోగం గుర్తొచ్చింది. ఎంతసేపు మాట్లాడకుండా ఉన్నానో చెప్పలేను. "రాసిస్తాను" అని నేను నోరు తెరిచేలోపే స్ట్రెచర్ కదిలిపోయింది. అప్పుడు రాయని కాయితమే ఇప్పుడు మీరు చదువుతున్నది.

ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీ దగ్గర చెరుకు ట్రాక్టర్లు అడ్డం పడి అంబులెన్సు చాలాసేపు ఆగిపోయిందట. విజయవాడలో గడ్డ తీశారు, కానీ అప్పటికే జరగాల్సింది జరిగిపోయింది. పదకొండు రోజులు బతికారు. కుడి చెయ్యి లేవలేదు, మాట రాలేదు. చివరి రోజుల్లో వాళ్ళింటికి నేను వెళ్తే, మంచం కింద ఉన్న కాయితాల సంచీని ఎడం చేత్తో చూపించి, ఆ వేలే నా వైపు తిప్పారు. క్షమించారో లేదో నాకు తెలియదు. పని మాత్రం అప్పజెప్పారు.

ఇంటివాళ్ళ ఓదార్పు కోసం ఆయన ఇంట్లో పెట్టిన ఆదరణ కూడికలో పాస్టరు గారు, పగ తీర్చుకోవడం దేవుడికి వదిలెయ్యాలన్నారు. నేను వెనక వరసలో కూర్చుని విన్నాను. ఆయన మంచి మనిషి, గొంతు కూడా బాగుంటుంది. వదలబుద్ధి కాలేదు.

తర్వాత పెద్ద డాక్టరు గారు నన్ను పిలిచి, ఆసుపత్రి హాల్లో సంతాప సభ పెడదామన్నారు. "నువ్వు ఆయన శిష్యురాలివి కదా, నాలుగు మాటలు మాట్లాడు. ఆయన బంధువులెవరైనా ఉంటే పిలువు" అన్నారు. పిలుస్తానండీ అన్నాను. రెండు రోజులు సెలవు పెట్టి ఊళ్ళు తిరిగాను. మళ్ళీ ఆ గడప తొక్కమని అడగడానికి నాకే నోరు రాలేదు, అయినా అడిగాను. పెడన ఆవిడ అచ్చు కింద పెట్టి, "నా గేటు బయట ఎండలో నిలబడ్డాడమ్మా ఆయన" అంది. వస్తానంది. ఒక్కొక్కరే వస్తామన్నారు.

ముప్ఫై ఒక్క మందీ వచ్చారు. గుమ్మం బయట చెప్పులు విడిచి, గుడిలోకి వెళ్తున్నట్టు తల వంచుకుని లోపలికొచ్చి కూర్చున్నారు. పెద్ద డాక్టరు గారు మాస్టారి ఫోటోకు దండ వేసి, ఆయన మా కుటుంబంలో ఒకరని, ఆయన లేని లోటు తీరనిదని చెప్పారు. ముందు వరసలో అమ్మగారు తెల్లచీరలో కూర్చుని వింటున్నారు. తర్వాత నన్ను మాట్లాడమన్నారు.  కాయితాలు తీసి పేర్లు చదివాను. పిలిచిన వాళ్ళు లేచి కుడి చెయ్యో ఎడం చెయ్యో, పడిపోయిన చెయ్యేదైతే అది, పైకెత్తి వాళ్ళ ఊరి పేరు చెప్పారు. అప్పట్లో మాట పోయి మళ్ళీ వచ్చిన నాగాయలంక ఆయన ఊరి పేరు రెండుసార్లు చెప్పాడు. ఐదారుగురు అయ్యేసరికి పెద్ద డాక్టరు గారికి అర్థమైంది. 

కాయితాల కట్ట ఆయన ముందు పెట్టి పెన్ను ఇచ్చాను. "వీళ్ళు బాగుపడ్డారండీ. సంతకాలు కావాలి" అన్నాను. స్టాఫంతా చూస్తున్నారు. ఆయన ఒక్కొక్క కాయితం మీదా సంతకం పెట్టారు. ప్రతి సంతకానికీ నాకు కలిగిన సంతోషాన్ని దాచుకోను. మధ్యలో వేళ్ళు విదిలించుకున్నారు. మంచినీళ్ళు తెప్పించాను. తాగి మళ్ళీ పెట్టమన్నాను.

ముప్ఫై రెండో కాయితం మాస్టారిది. స్కాన్ తీసిన టైము, కంప్యూటర్ చెప్పిన ఇరవై రెండు, ఇంజక్షన్ ఇవ్వలేదు, మరణం. ఇవన్నీ రాసి, కింద ఇంకో రెండు వాక్యాలు రాశాను. "ఆ అంకెను తప్పు చేసింది నేను. చెయ్యమన్నది మీరు." పక్కన నా సంతకం ముందే పెట్టేశాను.

ఆయన చదివారు. పెన్నుకు మూత పెట్టి, "ఇది తర్వాత చూద్దాంలేమ్మా" అన్నారు నెమ్మదిగా.

అమ్మగారు ఆ రోజు మొదటిసారి నోరు విప్పారు. గొంతు పెంచలేదు. "ఆయన మాట లేకుండా పదకొండు రోజులు చూస్తానే ఉన్నారండీ. మీరు కూడా చూడండి. మాకేం తొందర లేదు, కూర్చుంటాం" అన్నారు.

ఆయన మళ్ళీ మూత తీశారు. పెన్ను కాయితం దాకా వెళ్ళి ఆగింది. బయట ఉరుము ఉరిమి ఒక్కసారిగా వాన దిగింది. జల్లు గుమ్మంలోకి కొట్టి, విడిచిన చెప్పులన్నీ తడిసిపోతున్నాయి, రెండు జతలు నీళ్ళలో మెట్ల మీద నుంచి కిందికి జారిపోయాయి. తీసుకోవడానికి ఒక్కరు కూడా లేవలేదు.